పార్కుల కంటే ముందు గుమ్మం నుంచి బస్టాపు దాకా చూడండి

సంపాదకులకు నమస్కారం.

నగరాల్లో పెద్దవాళ్ల నడక అనగానే పార్కులు, వాకింగ్ ట్రాకుల గురించే మాట్లాడుతున్నారు. పేదలు ఉండే వాడల్లో డెబ్బై దాటిన మనిషికి అసలు కష్టం అక్కడిదాకా చేరుకోవడమే. గుమ్మం నుంచి బస్టాపు వరకు ఉన్న ఆ కాస్త దారి బాగుచేయకుండా పార్కులకు ఎంత ఖర్చుపెట్టినా వీళ్లకు ఒరిగేదేమీ లేదు. నేను ఫిజియోథెరపిస్టుని. పడి తుంటి ఎముక విరిగినవాళ్లను ఇళ్లకు వెళ్లి మళ్లీ నడిపిస్తుంటాను. గదిలో నాలుగడుగులు వేయించగలను గానీ, గడప దాటాక ఉన్న వీధిని నేను మార్చలేను.

ఆ వీధి ఎలా ఉంటుందో చెప్తాను. రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ పట్టుకోవడానికి రెయిలింగ్ లేక, రెండు చేతులూ గోడకు ఆనించి, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతారు. కిందకు వచ్చాక కాలువ మీది బండ ఒకవైపు లేచి ఉంటుంది. ఫుట్‌పాత్ నిండా బండ్లు, కాబట్టి రోడ్డు మీద నడవాలి. కూర్చుందామంటే ఎక్కడా బెంచీ లేదు. ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంటారు. బయటికి ఎందుకు రావడం లేదని అడిగితే మాత్రం, "దారిలో బాత్రూం లేదమ్మా" అన్నారు. వెళ్లక తప్పని రోజున పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర మానేస్తారు. ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. దానివల్ల కళ్లు తిరిగి పడితే తప్పు ఎవరిది?

ఇక సిగ్నళ్లు. చాలా చోట్ల మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో పచ్చలైటు సమయం పెడతారు. వృద్ధాప్యంలో నడక వేగం 0.8 మీటర్లకు పడిపోవడం మామూలే. 12 మీటర్ల రోడ్డు దాటడానికి పది సెకన్లు ఇస్తే, ఆ మనిషికి పదిహేను కావాలి. ఆ చివరి ఐదు సెకన్లూ హారన్ల మధ్య నిలబడాల్సిందే. సింగపూర్‌లో 2009 నుంచి వృద్ధులు కార్డు ఆనిస్తే పచ్చలైటు ఇంకాసేపు ఉండే ఏర్పాటు ఉంది. అంత సాంకేతికత లేకపోయినా, ఆసుపత్రి దగ్గరి సిగ్నల్‌కు నాలుగైదు సెకన్లు పెంచడం పెద్ద పనేమీ కాదు.

వీళ్లు బద్ధకంతో ఇంట్లో కూర్చుంటున్నారని కొందరు అంటారు. వింటే బాధేస్తుంది. జీవితమంతా బరువులు మోసి, మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లు వీళ్లు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, మూడు రోజులైనా బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కరపత్రాలు పంచితే అది జరగదు. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల వయసున్న 1,635 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్ల కంటే, దగ్గరుండి నడక, వ్యాయామం చేయించినవాళ్లలో 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్లు తక్కువ. అందుకే ప్రతి వాడలో ఏదో ఒక హాల్లోనో బడి వరండాలోనో కుర్చీలు వేసి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం లాంటివి చేయించే మనిషి ఉండాలి. జీతం ఇచ్చి పెట్టాలి, స్వచ్ఛంద సేవ మీద వదిలేస్తే రెండు నెలలకే ఆగిపోతుంది.

ఆ మనిషే చేతికర్రలు కూడా చూడాలి. చాలామంది వాడేది చనిపోయిన బంధువు కర్ర. ఎత్తు సరిపోదు, అడుగున రబ్బరు అరిగి జారుతుంటుంది. నిటారుగా నిలబడి చేయి వదిలేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేత్తో పట్టుకోవాలి. ఈ రెండూ చెప్పేవాళ్లు లేక ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో!

మున్సిపల్ ఇంజినీర్లకు నా విన్నపం ఒకటే. రోడ్డు పనులకు అంచనాలు వేసే ముందు ఆ వాడలోని ఒక పెద్దమనిషితో కలిసి, ఆయన వేగంతోనే, ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రం దాకా నడవండి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ బెంచీ వేయండి, ఎక్కడ తడబడితే అక్కడ బండ సరిచేసి లైటు పెట్టండి. దారి మధ్యలో ఒక శుభ్రమైన టాయిలెట్ కట్టండి. మీ పత్రిక వార్డులవారీగా ఈ దారుల ఫొటోలు ప్రచురిస్తే అధికారుల్లో కదలిక వస్తుందని నమ్ముతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు