బుజ్జికి రక్తమిచ్చిన పాలమూరోళ్లందరికి

అందరికి నమస్తే.

మొన్న ఆదివారం మా బిడ్డ బుజ్జి పోయి యాడాదైన దినం నాడు మా గల్లీ కమ్యూనిటీ హాల్ల పెట్టిన రక్తదాన శిబిరానికి వచ్చినోళ్లకు, రాలేక ఫోన్ చేసినోళ్లకు, వానకు తడుసుకుంట టెంటు కట్టినోళ్లకు, అరటిపండ్లు, బిస్కెట్లు మోసుకొచ్చినోళ్లకు అందరికి దండం పెట్టి చెప్తున్న. పేరుపేరున రాద్దామని కూసున్న కాని, రాస్తే ఒకరిద్దరు మిగిలిపోతరు. వాళ్లేమనుకోకున్నా నాకు నిద్రపట్టదు. అందుకే పేర్లు రాస్తలేను. ఎవరికి వాళ్లకు తెలుస్తది.

రెండు ముక్కలు రాసి ఊకోమన్నడు మా ఆయన. నాకు మనసొప్పలె. మీలో చానామంది ఆ పిల్ల మొఖం కూడ చూడలె. ఎవరికిచ్చిన్రో తెలవాలె కద.

బుజ్జి 2011ల పుట్టింది. ఆరు నెలలకే తెల్లగ పాలిపోయింది. ఏడ్వనికి కూడ ఓపిక లేకుండె. మొదలు చూపించిన దవాఖాన్ల రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ రాసిచ్చిన్రు. నెలలకు నెలలు తాపిన. కడుపు ఉబ్బుకుంట వచ్చింది కాని రంగు రాలె. ఆఖరికి హైదరాబాద్‌ల పరీక్ష చేయిస్తే తలసేమియా మేజర్ అని తేలింది, అంటే ఒంట్ల రక్తం సరిగ్గ తయారుగాదు, బతుకంత బయటి రక్తం ఎక్కిస్తనే ఉండాలె. నాకు, మా ఆయనకు ఇద్దరికి మైనర్ ఉన్నదట. మైనర్ ఉంటే పైకి ఏం కనపడదు, జర రక్తం తక్కువుంటదంతే. ఇద్దరికి ఉంటే మాత్రం ప్రతి కాన్పుల పిల్లకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. మాది మేనరికం. చుట్టాలందరిది ఒకటే మాట, మేనరికం చేసుకున్నరు, అనుభవిస్తున్నరు అని. మేనరికంల ఎక్కువొస్తదన్నది నిజమే. కాని మా పక్క బెడ్డు పిల్ల తల్లిదండ్రులకు ఏ చుట్టరికం లేదు, వాళ్లకూ వచ్చింది. పెండ్లికి ముందు హెచ్‌బీఏ2 అని ఒక రక్త పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతది. మాకు ఎవరు చెప్పలె. మొన్న శిబిరానికి పెండ్లి కుదిరిన ఒక జంట వచ్చి ఆ పరీక్ష పేరు చీటి మీద రాసుకపోయిన్రు. రక్తమిచ్చినోళ్లతో సమానంగ వాళ్లకూ థాంక్స్.

మా ఇద్దరి రక్తం ఆ పిల్లకు చుక్క కూడ పనికిరాలె. ఇయ్యాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలె, మాకు అంత ఎన్నడు లేకపాయె. కన్నతల్లినై ఉండి పక్కన కుర్చీల కూసునుడే నా పని.

మొదట్ల శివరాంపల్లిల తలసేమియా సొసైటీకి పోతుంటిమి. మూడు వారాలకొకసారి పొద్దుగాల మొదటి బస్సెక్కి ఆరాంఘర్‌ల దిగుడు. జడ్చర్ల దాటంగనే నా ఒడిల నిద్రపోయేది, షాద్‌నగర్‌ల లేచి ఇడ్లీ అడిగేది, రెండు తుంటలు తిని పక్కకు పెట్టేది. రక్తమెక్కినంక మళ్లొచ్చేటప్పుడు వేరే పిల్ల. పెదవులు ఎర్రగ, నోరు ఆగదు. టికెట్ల మిషను ఒక్కసారి నొక్కనియ్యమని కండక్టరుతోని కొట్లాడేది. ఆ సాయంత్రపు పిల్లను మాకు ఇచ్చింది మీరు.

రక్తం సంచి మీద నంబరుంటది, గ్రూపుంటది, తీసిన తారీఖు, ఎప్పటిదాక పనికొస్తదో ఆ తారీఖు ఉంటయ్. మనిషి పేరుండదు. చదువొచ్చినప్పటి సంది బుజ్జికి ఆ సంచి చదువుడు ఒక ఆట. ‘బీ పాజిటివ్’ అని గట్టిగ చదివి, ఇది ఎవరిదై ఉంటదో కథ అల్లేది. కారం బాగ తినేటోళ్లదైతే కోపమొస్తదట. కాలేజీ పిల్లలదైతే నిద్రొస్తదట. నాతోని కొట్లాడినప్పుడల్ల ‘నాదేం లేదమ్మా, ఈసారి సంచి గట్లాంటిది’ అనేది.

2018 ఎండకాలం మన పిల్లలమర్రి చెట్టుకు చెద పట్టి, సెలైన్ సీసాలు వేలాడగట్టి మందు ఎక్కించిన్రు, యాదికుందా? ఏడువందల ఏండ్ల చెట్టంటరు. ఆ ఫొటో పేపర్ల వస్తే కత్తిరించి నా కుట్టు మిషను డ్రాయర్ల పెట్టుకున్నది. అప్పటికి ఏడేండ్లు. ‘దానికి కూడ మూడు వారాలకొకసారేనా?’ అని అడిగింది. ఏం చెప్పిన్నో యాదికి లేదు. ఆ పేపరు ముక్క మాత్రం ఇంకా బాబిన్ల కింద ఉన్నది.

తర్వాత మన ఊర్లనే ఎక్కించుడు మొదలైనంక మీరందరు నా బతుకులకొచ్చిన్రు. 2020ల లాక్‌డౌన్ పెట్టినప్పుడు కాలేజీలు బంద్, శిబిరాలు బంద్, బస్సులు బంద్. బుజ్జికి హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది, మెట్టు ఎక్కితే ఆయాసం. గ్రూపుల మెసేజ్ పెడితే ఒక కానిస్టేబుల్ అన్న డ్యూటీ దిగి యూనిఫారం మీదనే వచ్చి పండుకున్నడు. దేవరకద్ర దిక్కు నుంచి ఒక తమ్ముడు పొలాల పొంటి బండేసుకొని వచ్చిండు. రంజాన్ నెలల ఒక మెకానిక్ భాయ్ ఇఫ్తార్ అయినంక, చేతులకు ఇంకా గ్రీజు మరకలు పోకముందే వచ్చిండు. చాయ్ పోద్దామంటే ‘పిల్ల ఎట్లున్నది చెప్పు అక్కా’ అని పోయిండు.

మీకొక సంగతి తెలుసో లేదో. బుజ్జి కోసమని మీరిచ్చిన సంచి బుజ్జికే ఎక్కాలని లేదు. అది ఇంకెవరికో పోతది, ఇంకెవరో ఇచ్చింది మాకొస్తది. మొదట్ల నాకు ఈ పద్ధతి మంచిగనిపియ్యలె. ఇచ్చినోళ్ల చెయ్యి పట్టుకొని ‘నీదే నా బిడ్డకెక్కింది’ అని చెప్పుకునే భాగ్యం కూడ లేదే అనుకునేదాన్ని. ఇప్పుడు అదే నాకు ఆసరా. ఎవరిదో తెల్వదు కాబట్టి ఎవరిదైనా కావచ్చు. క్లాక్ టవర్ కాడ పండ్ల బండాయన తూకమేస్తుంటే ఆయన మోచేతి మడతకెల్లి చూస్త, అక్కడ ఎప్పుడన్న సూది పడ్డదేమో అని. బస్టాండుల ఎవరన్న పిల్ల గలగల నవ్వితే ఆగిపోత.

ఎర్ర కణం ఆయుష్షు 120 దినాలేనట. ఆమె ఒంట్ల తిరిగినయన్ని ఆమెతోనే పోయినయ్. కాని అవి పుట్టిన మనుషులు ఇక్కడే కూరగాయలు బేరమాడుతున్నరు, ఆటో నడుపుతున్నరు, వాళ్ల ఒంట్ల రోజు కొత్తయి పుడుతనే ఉన్నయ్. బుజ్జి దాంట్ల ఎంతో కొంత ఉన్నదని నేననుకుంట. సైన్సు ఒప్పుకోదు, నాకు తెలుసు. మా డాక్టరమ్మకు చెప్తే నవ్వింది కాని కాదనలె.

ఇంట్ల ఉన్న బుజ్జి వేరు. ఆమె సంగతి కూడ చెప్త.

నేను జాకెట్లు, లంగలు కుట్టేదాన్ని. పిల్లలు ఎంత పెరిగిన్రో నాకు టేపు మీదనే తెలుస్తది. గిరాకి పిల్లలకు ఏడాదికి లంగ పొడుగు రెండించులన్న పెంచాలె. తలసేమియా పిల్లలు అట్ల పెరగరు. అయినా ప్రతి బతుకమ్మకు బుజ్జి లంగకు అడుగున నాలుగించులు లోపలికి మడిచి కుట్టేదాన్ని, వచ్చే ఏడు ఇప్పొచ్చని. ఇప్పే పని ఎన్నడు సరిగ్గ పడలె. ఇప్పుడు నా కొలతల బుక్కుల ఆమె పేజీ అట్లనే ఉన్నది, నేను ఆపలె. ఈ ఏడు లంగ పొడుగు 36 రాసిన, నడుము 25. ఒక్క యాడాదిల మూడించులు పెంచిన. నా బుక్కు, నా బిడ్డ, అడిగేటోళ్లెవరు? తొమ్మిదో తరగతి పిల్ల, ఆ మాత్రం పెరగొద్దా?

సూదిల దారమెక్కిచ్చుడు ఆమె పని. నాకు కండ్లు ఆనవు. దారం తెగితే ఇప్పటికి ‘ఏయ్, ఇటు రాయే’ అని నోట్లకెల్లి వచ్చేస్తది. వచ్చి పీట మీద కూసున్నట్టే ఉంటది. ‘అద్దాలు తెచ్చుకొమ్మంటే వినవు’ అని కస్సుమంటది. నేను కూడ ఊకోను, జవాబు చెప్త. కొత్తల మా అత్త భయపడి తాయెత్తు కట్టించాలె అన్నది. ఇప్పుడు ఆమెకూ అలవాటైంది, ‘పిల్ల ఏమంటున్నదే’ అని వంటింట్లకెల్లి అడుగుతది.

చూడవచ్చినోళ్లు ‘దేవుని కాడికి పోయింది’ అంటరు. మంచి మనసుతోనే అంటరు, కాదనను. కాని మా బుజ్జి దేవుని కాడ కుదురుగ కూసునే పిల్ల కాదు. రోజు పరిగడుపున ఐరన్ తగ్గే గోలి నీళ్లల్ల కలిపి తాగమంటే ఇల్లంత ఉరికించేది.

ఆ గోలీల మాట వచ్చింది కాబట్టి, ఇది తప్పక రాయాలె. పోయినేడు పదకొండో రోజున ఒక కాలేజీ తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, ‘అక్కా, మా రక్తంల ఐరనే పాపకు గుండెకెక్కిందట, నిజమేనా’ అని అడిగిండు. కండ్లల్ల నీళ్లు. ఆ పిల్లగాడు అడిగిండు, ఇంకెంతమంది మనసుల పెట్టుకున్నరో అని నాకు అప్పటి సంది ఒకటే గుబులు. తమ్ముడూ, విను. ఒక్కొక్క సంచితోని రెండువందల మిల్లీగ్రాములకు పైన ఐరన్ ఒంట్లకొస్తది, దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు, అందుకే గోలీలు. గోలీలు వేసినా కొంత గుండెల, కాలేయంల పేరుకుంటది. బుజ్జికి గుండెల పేరుకున్నది. ఇదంత నిజం. రక్తమెక్కియ్యకపోతే ఐదేండ్లు నిండుడు కష్టమని మాకు మొదటి రోజే చెప్పిన్రు, అది కూడ నిజం. మా బుజ్జి పదమూడేండ్లు బతికింది. ఆమె బడికి పోయింది, గునుగు పువ్వుకు రంగులద్దింది, పెద్దచెరువు కట్ట మీద చప్పట్లు కొట్టుకుంట ఆడింది, మన్యంకొండ జాతరల తప్పిపోయి మైకుల పిలిపించుకున్నది. అదంత మీ లెక్కల రాసుకోండ్రి. ఇంకో మాట మనసుల పెట్టుకోవద్దు.

శిబిరం నాటి ముచ్చట ఒకటి రాసి ముగిస్త. మా ఆయన పోలేపల్లిల కంపెనీకి పోతడు, షిఫ్టులు. బుజ్జి పోయినప్పటి సంది ఇంట్ల ఆమె పేరెత్తలె. నేను ఆమెతోని మాట్లాడుతుంటే లేచి బయటికి పోతడు. మొన్న ఆయనకు జ్యూస్ పంచే పని పెట్టిన్రు. గ్లాసు ఇచ్చుకుంట ఒక్కొక్కరికి ‘మా బిడ్డది బీ పాజిటివ్’ అని చెప్పవట్టిండు. ఓ పాజిటివ్ వాళ్లకు చెప్పిండు, ఏబీ వాళ్లకు చెప్పిండు, టెంటు కట్టినాయనకు చెప్పిండు. పద్దెనిమిది నిండిన నెలకే మొదటిసారి రక్తమిచ్చిన పిల్ల ఒకామె ఉండె. ఆమెకు జర కండ్లు తిరిగితే ఆయనే కాళ్లు ఎత్తిపట్టి అట్టముక్కతో విసిరిండు. ఆమె తేరుకొని ‘అంకుల్, పాప ఎట్లుండేది’ అన్నది. ఆయన చెప్పుకుంట పోయిండు. నేను జ్యూస్ పంచిన. ఆ పిల్లకు నేను ఎంత రుణపడి ఉన్ననో ఆమెకు తెల్వదు.

మగోళ్లు మూడు నెలలకు, ఆడోళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇయ్యొచ్చు. ముఖ్యంగ ఎండకాలం మర్చిపోకండ్రి, కాలేజీలకు సెలవులిచ్చి శిబిరాలు ఆగిపోతయ్, తలసేమియా పిల్లలకు మాత్రం సెలవులుండవు. మన ఊర్ల బుజ్జి అసొంటి పిల్లలు ఇంకా ఉన్నరు.

హాల్ల ఎవరిదో నల్ల హెల్మెట్, ఒక టిఫిన్ డబ్బా, పసిపిల్లల స్వెట్టరు ఉండిపోయినయ్. మా ఇంట్ల ఉన్నయ్, వచ్చి తీసుకపోండ్రి. రక్తమిచ్చిన ఆడబిడ్డలకు జాకెట్టు కుట్టుడు ఫ్రీ అని మైకుల చెప్పిన, ఒక్కరే వచ్చిన్రు. సిగ్గుపడొద్దు. బతుకమ్మ గిరాకి మొదలైతే నాకు తీరదు, ఈ పదిరోజులల్ల రండ్రి. లైనింగు గుడ్డ నేనే పెట్టుకుంట, ఆది జాకెట్టు మాత్రం మర్చిపోకుండ తెచ్చుకోండ్రి.