తల్లి వస్తేనే పంపాలి

నా నాలుగో తరగతి స్టడీ సర్టిఫికెట్ దొరికింది. మొన్న ఉద్యోగానికి వెరిఫికేషన్ కూడా అయిపోయింది. సాయం చేసిన అందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కానీ అమ్మకు కొన్ని భయాలు ఇంకా పోలేదు, అందుకే పేర్లు రాయడం లేదు.

నాన్న తాగి కొట్టేవాడు. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ నన్ను తీసుకుని ఇల్లు విడిచింది. ఆయన జాడ తెలుసుకుని వచ్చిన ప్రతిసారీ ఊరు మారాం. ఒకటో తరగతి పెద్దపల్లి, రెండు మంచిర్యాల, మూడు జమ్మికుంట. మా సామానంటే ఒక బట్టల మూట, గోనెసంచిలో కట్టిన కుట్టుమిషన్ తలకాయ. స్టాండు మోయలేక ఏ ఊళ్లోది ఆ ఊళ్లోనే వదిలేసేది. సింగరేణి ప్యాసింజర్‌లో ఆ సంచిని ఆనుకునే నిద్రపోయేదాన్ని, లేచేసరికి చెంపకు మిషన్ నూనె అంటేది. "బాపు ఏం చేస్తడని అడిగితే దుబాయ్ పోయిండని చెప్పు బిడ్డా" అనేది అమ్మ. మా దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్లు వాడవాడకీ ఉంటారు, ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు.

గృహహింస చట్టం 2006 అక్టోబర్‌లోనే అమల్లోకి వచ్చింది. అమ్మకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఇది చదివే అక్కాచెల్లెళ్లలో ఎవరికైనా అలాంటి కష్టం ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఊళ్లు పట్టుకుని తిరగడం ఎంత కష్టమో మాకు తెలుసు.

నాలుగో తరగతి కమలాపూర్ మండలంలోని ఒక ఊరి బడిలో. అప్పుడది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఉద్యోగాల లెక్కలో ఆ జిల్లాకు లోకల్, అంటే స్థానికులం. ఐదు, ఆరు, ఏడు అదే జిల్లాలోని కాజీపేటలో చదివాను. ఆ ఒక్క ఏడాది కాగితం లేకపోతే నేను ఎక్కడా లోకల్ కాదు! కానీ ఆ ఊరి నుంచి టీసీ కూడా తీసుకోకుండా రాత్రికి రాత్రే వచ్చేశాం. 2010 జూన్‌లో కాజీపేట బడి హెచ్ఎం మేడమ్ "కొత్త చట్టం వచ్చిందమ్మా, టీసీ లేదని పిల్లను ఆపొద్దు" అని ఐదులో చేర్చుకున్నారు. మేడమ్, మీకు మొదటి దండం.

కమలాపూర్ వైపు బడిలో ఇప్పటి హెచ్ఎం సార్, అటెండర్ అన్న రెండు రోజులు బీరువాలన్నీ దింపారు. అన్న తన గుడ్డతోనే దుమ్ము తుడిచి ఒక్కో రిజిస్టర్ నా ముందు పెట్టారు. మూడో దాంట్లో నా పేరు కనిపించింది, ఇంటిపేరు మాత్రం అమ్మమ్మ వాళ్లది. నాన్నకు తెలియకూడదని అమ్మ అలా రాయించింది. పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: "తల్లి వస్తేనే పంపాలి. వేరే ఎవరు అడిగినా లేదనాలి."

నాన్న సంగతి అమ్మ అది రాసిన అప్పటి సారుకు ఎప్పుడూ చెప్పలేదట. దుబాయ్ అనే చెప్పిందట. ఆ రాత మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆ రాత ఎవరిదో హెచ్ఎం సార్ గుర్తుపట్టి, రిటైరైన ఆ సారుకు ఫోన్ కలిపారు. ఆయన మరుసటి రోజు బస్సెక్కి వచ్చి, ఆ పిల్ల ఈమెనే అని రాసిచ్చారు. ఇంటిపేరు తేడాకు అఫిడవిట్ రాసిన నోటరీ సార్ ఫీజు తీసుకోలేదు.

ఆ పెన్సిల్ మాట రాసిన సార్, ఆదివారం అమ్మను తీసుకుని మీ ఇంటికి వస్తున్నాం. అమ్మ సకినాలు చేస్తోంది. మీ ఇంట్లో మేడమ్‌గారికి జాకెట్ కుట్టి తెస్తానంటోంది, ఒక కొలత జాకెట్ తీసి పెట్టమని చెప్పండి.