సున్నపు గారను కొలనులో కాదు, పోసే నీటి దగ్గరే ఆపాలి

సంపాదకులకు,

హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉప్పునీటి ఈత కొలను ఉంది. మొన్న మార్చిలో నీరు పచ్చబారడం మొదలైంది. క్లోరిన్ తయారు చేసే సెల్‌ను విప్పించి చూస్తే, టైటానియం పలకల మధ్య అగ్గిపుల్ల దూరే సందు కూడా లేకుండా తెల్లటి సున్నపు గార పేరుకుని ఉంది. నిర్వహణ మనిషి దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకి, మిగిలినదాన్ని చిక్కటి యాసిడ్‌తో కడిగాడు. గారతో పాటు పలకల మీది ఖరీదైన లోహపు పూత కూడా పోవడంతో, కొత్త సెల్ కొనక తప్పలేదు. నిత్యం జరిగే ఈ నష్టాన్ని ముందుగానే ఆపవచ్చునని మా అనుభవంలో తేలింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉప్పునీటి కొలను అంటే సముద్రపు నీరని చాలామంది అనుకుంటారు. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఈ కొలనులో ఉండేది మూడు, మూడున్నర గ్రాములే. ఆ ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు ఒక పలక దగ్గర క్లోరిన్ పుడుతుంది, రెండో పలక దగ్గర క్షారగుణం బాగా పెరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం అక్కడే కార్బొనేట్‌గా మారి పలకకు అంటుకుంటుంది. పైగా పంచదారలా కాక, ఈ సున్నం నీరు వేడెక్కేకొద్దీ తక్కువగా కరుగుతుంది. అందువల్ల మన ఎండాకాలంలోనే బెడద ఎక్కువ.

అయితే ఈ కాల్షియం వస్తున్నది ఉప్పు నుంచి కాదు, రోజూ పోసే బోరు నీటి నుంచి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యత (నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, మరో నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. మా బోరు నీటిలో కాల్షియం కాఠిన్యతే 400 ఉంది. మా కొలను పొడవు 25 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, పట్టే నీరు సుమారు మూడు లక్షల లీటర్లు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 1,250 లీటర్లు మళ్ళీ పోయాలి. ఆవిరయ్యే నీటితో సున్నం పోదు కదా! ఆ లెక్కన రోజుకు అర కిలో, నెలకు 15 కిలోల సున్నాన్ని మన చేతులతో మనమే కొలనులో కలుపుతున్నాం. అంటే నెల తిరిగేసరికి కాఠిన్యత లీటరుకు మరో 50 మిల్లీగ్రాములు పెరుగుతుంది.

ఇళ్ళలోని కుళాయిలకు, గీజర్లకు గార పట్టకూడదని మా సముదాయంలో ఎప్పుడో సాఫ్ట్‌నర్, అంటే నీటిలోని కాల్షియాన్ని తీసేసే పరికరం, పెట్టుకున్నాం. కొలనుకు మాత్రం నేరుగా బోరు పైపు కలిపి ఉంది. ఆ పైపును సాఫ్ట్‌నర్ లైనుకు మార్పించాం, వానాకాలంలో డాబా మీది నీటిని వడకట్టి వాడుకుంటున్నాం. అలాగని కాఠిన్యత మరీ పడిపోనివ్వకూడదు. అది 200 కంటే బాగా తగ్గితే నీరు టైల్స్ మధ్య సిమెంటునే తినేస్తుంది. మెత్తని నీరు తరుగుదల పూడ్చడానికే తప్ప, కొలనును మొదటిసారి నింపడానికి తగదు.

రెండో జాగ్రత్త పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత. అది పెరిగేకొద్దీ గార ఎక్కువగా పడుతుంది. దాన్ని 7.4, 7.6 మధ్య నిలపాలి. సెల్‌లో పుట్టే బుడగలు, రోజంతా ఎగజిమ్మే ఫౌంటెన్ నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయడంతో పీహెచ్ తనంతట తానే పైకి పోతుంది. కనుక ఫౌంటెన్‌ను గంటా రెండు గంటలకు పరిమితం చేసి, వారానికోసారి యాసిడ్ గుమ్మరించే బదులు పరీక్షించి రోజూ కొద్దిగా కలపడం మేలు. ఎప్పుడైనా యాసిడ్‌నే నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో పోయకూడదు. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా సయనూరిక్ ఆమ్లం తగుపాళ్ళలో ఉంటే సెల్ మీద భారం తగ్గుతుంది, గారా తగ్గుతుంది. నీరు పచ్చబడగానే బ్లీచింగ్ పౌడర్ చల్లే అలవాటును మాత్రం వెంటనే మానాలి, ఎందుకంటే అందులో ఉండేదే సున్నం.

బిల్డర్లకు నా విన్నపం ఒక్కటే: కొలను కట్టేటప్పుడే సాఫ్ట్‌నర్ లైను ఇవ్వండి. కట్టిన తర్వాత టైల్స్ పగలగొట్టి పైపు వేయడానికి మాకు అయిన ఖర్చు చిన్నది కాదు. నివాసుల సంఘాలకు మరో మాట. కాఠిన్యత పెరిగిందని కొలను నీటిని ఖాళీ చేసినప్పుడు దాన్ని ఇంకుడు గుంతలోకి గానీ మొక్కలకు గానీ వదలకండి. సాఫ్ట్‌నర్‌ను కడిగిన ఉప్పునీటికీ ఇదే వర్తిస్తుంది. ఆ ఉప్పు భూమిలోకి దిగితే చివరికి చేరేది మన బోర్లలోకే, మన పక్కవాళ్ళ బోర్లలోకే.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ నివాసి,
హైదరాబాద్