అడవినాభి దుంపను తవ్వనివ్వకండి, గింజను కొనండి

తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. వానలు పడగానే ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో పొదలను పట్టుకుని అడవినాభి తీగ పైకి పాకుతుంది. ఆకు కొసే మెలి తిరిగి ఆసరాను చుట్టుకుంటుంది. పసుపు, ఎరుపు కలిసిన రేకలు మంటలా పైకి లేచి ఉంటాయి. ఈ మొక్క గింజలోనూ దుంపలోనూ కాల్చిసిన్ అనే ఆల్కలాయిడ్ (మొక్కల్లో సహజంగా తయారయ్యే ఒక రకం రసాయనం) ఉంది.

గౌట్ అనే కీళ్లవాపు వచ్చి కాలి బొటనవేలు వాచినవారికి వైద్యులు ఎంతో కాలంగా రాస్తున్న మందు ఈ కాల్చిసినే. కణంలోని ట్యూబ్యులిన్ ప్రోటీన్‌కు అంటుకుని, తెల్ల రక్తకణాలు వాపు ఉన్న చోట గుమిగూడకుండా ఆపుతుంది. 2023 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 0.5 మిల్లీగ్రాముల మాత్రను గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి గుండెపోటు ముప్పు తగ్గించేందుకు కూడా అనుమతించింది. అయితే అప్పుడే గుండెపోటు వచ్చినవారిపై జరిపిన ఒక పెద్ద పరీక్షలో ఆ మేలు కనిపించలేదని 2024లో తేలింది. అందుకే దీన్ని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయవద్దని కూడా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇందులో మందుకూ విషానికీ మధ్య ఎడం బహు తక్కువ. దుంప తిన్నవారికి మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. ఏదో కలుషితాహారం అనుకునేలోపే మూత్రపిండాలు, ఎముక మూలుగ దెబ్బతింటాయి. విరుగుడు మందు మన ఆసుపత్రుల్లో దొరకదు. ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి ఈ లక్షణాలు తప్పక తెలియాలి.

ఇక అసలు విన్నపం. మా వైపు సంతలో ఈ దుంపలను తూకానికి కొనుక్కుపోయేవారిని చూశాను. తవ్వినవారికి దక్కేది కూలి డబ్బులే, తీగ మాత్రం అక్కడితో అంతరిస్తుంది. గింజ కోసుకుంటే దుంప నేలలోనే ఉండి మళ్లీ వానలకు చిగురిస్తుంది. తమిళనాడులో దిండిగల్ వైపు రైతులు దీన్ని ఆసరా కట్టి పెంచుతారు, పూలకు చేత్తో పరాగం అద్ది కాయ పట్టిస్తారు, గింజను మందుల తయారీకి అమ్ముతారు. అక్కడ ఇది రాష్ట్ర పుష్పం కూడా.

గిరిజన సహకార సంస్థ తపసి జిగురును, ఇప్పపువ్వును కొన్నట్టే ఈ గింజను కూడా కొనాలి. కాల్చిసిన్ శాతాన్ని బట్టి ధర కట్టాలి. లేకపోతే మేలైన గింజకూ తాలుకూ ఒకే ధర చెప్పే దళారీదే రాజ్యం. ఆ పరీక్షల బాధ్యతను కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలకు అప్పగించవచ్చు. సాగు చేయదలచిన పోడు రైతులకు నాటే దుంపలను నర్సరీల నుంచే ఇవ్వాలి, అడవి నుంచి కాదు. పిల్లలకూ పశువులకూ అందని చోటే వేయాలని ముందే చెప్పాలి.

వచ్చే వానాకాలానికి ముందే ములుగులో ఆదివాసీ రైతులను, అటవీ అధికారులను, ఫార్మసీ అధ్యాపకులను ఒకచోట కూర్చోబెట్టి, కొనుగోలు ధర ఆ సమావేశంలోనే ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు, వరంగల్