బెంగళూరు–విశాఖ టికెట్టు ధర గురించి విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఈ విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికే జవాబొచ్చింది: ఛార్జీలు మా చేతిలో లేవు, మార్కెట్టే నిర్ణయిస్తుంది అని. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

కెంపేగౌడ విమానాశ్రయం నుంచి విశాఖకు గాలి దారిన సుమారు 775 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి గంటన్నర, మహా అయితే గంటా ముప్పావు. సాయంత్రం పూట మా ఇంటి నుంచి దేవనహళ్లిలో ఉన్న ఆ విమానాశ్రయం చేరడానికే ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. దానికి మిమ్మల్ని ఏమీ అనను.

భోగి ఇంకా మూడు రోజులుందనగా రాత్రి తొమ్మిదింటికి తమ్ముడి ఫోన్. అమ్మ పెరట్లో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, రేపు ఆపరేషన్. "అక్క వచ్చాకే లోపలికెళ్తానంటోంది" అన్నాడు. మామూలు రోజుల్లో నేను ఐదు వేల లోపు కొన్న టికెట్టు ఆ రాత్రి 16,400. సరే అనుకుని పేరు, వయసు ఎక్కించి డబ్బు కట్టబోతే 18,900 అయింది. ఆ అంకె నా కళ్ల ముందే మారిందండీ. హైదరాబాదులో దిగి, ఐదు గంటలు ఆగి, ఇంకో విమానం ఎక్కితే 11,000. దారి 190 కిలోమీటర్ల దాకా పెరిగింది, ధర తగ్గింది! అదే కొన్నాను. శంషాబాద్‌లో కూర్చుని ఉండగా మెసేజ్ వచ్చింది, "ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోయారక్కా" అని. స్ట్రెచర్ మీద కూడా అమ్మ తలుపు వైపే చూసిందట. ఆమె కోలుకుంది. నీ కోసం తలుపు వైపే చూశానన్న మాట మాత్రం ఇప్పటికీ అంటుంది.

మీ చేతిలో లేదంటే ఎలా నమ్మమంటారు? 2020 మేలో మీ శాఖే ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు తరగతులు చేసి ఛార్జీలకు హద్దులు పెట్టింది. 2022 ఆగస్టు 31 దాకా ఆ హద్దులున్నాయి. 2025 డిసెంబరులో విమానాలు వరసగా రద్దయినప్పుడు దూరాన్ని బట్టి పెట్టింది: 500 కిలోమీటర్ల దాకా 7,500 రూపాయలు, 1000 దాకా 12,000, పన్నులు కాక. మా 775 ఆ రెండో మెట్టులోనే పడుతుంది. పరిస్థితి చక్కబడేదాకానే అన్నారు. మాకు ప్రతి సంక్రాంతికీ అదే పరిస్థితి. రైలులో వెయిటింగ్ లిస్టు, ప్రైవేటు బస్సుల్లో నోటికొచ్చిన రేటు. పిల్లలతో అంత దూరం బస్సులో కూర్చుని వెళ్లి, పండగ రెండో రోజుకి ఇల్లు చేరినవాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు.

ఆ మెట్లను మళ్లీ తెండి. ఏడాదంతా కుదరకపోతే పండగ వారాల్లోనైనా తెండి. ఆసుపత్రి కాగితం చూపించినవాళ్లకైనా ఒక ధర కట్టండి. ఎలా చెయ్యాలో మీ శాఖకు తెలుసు, రెండుసార్లు చేసింది కూడా. దయచేసి మళ్లీ చెయ్యండి. మార్కెట్టు అన్న జవాబు మాత్రం ఇంకోసారి పంపకండి.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. రాత్రి తొమ్మిది దాటాక తమ్ముడి ఫోనొస్తే, ఎత్తేలోపే నాకు ఆ టికెట్టు ధర గుర్తొస్తోంది.

ఇట్లు,
మారతహళ్లిలో ఉంటున్న ఒక అనకాపల్లి ఆడపడుచు