గుర్రాలను చూసుకునే ఆ అన్నకు కృతజ్ఞతలు

మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని సమస్య వల్ల ఒంటి కదలికలు సరిగ్గా అదుపులో ఉండవు. హైదరాబాద్‌లో గుర్రాలతో థెరపీకి తీసుకెళ్తే, గుర్రాన్ని చూడగానే బిగుసుకుపోయి ఏడ్చాడు. మాకు ఒకటే టెన్షన్. గుర్రాలను చూసుకునే అన్న మాత్రం అస్సలు తొందరపెట్టలేదు. వీల్‌చైర్ పక్కన గొంతుక్కూర్చుని, వాడి పిడికిలిలో బ్రష్ పెట్టి, పైన తన చెయ్యి వేసి, గుర్రం మెడ మీద వెంట్రుకలు వాలిన వైపే మెల్లగా దువ్వించాడు. "చూడు నాన్నా, చెవులు వెనక్కి నొక్కిపెడితే దానికి కోపం. ఇప్పుడు వదులుగా ఉన్నాయి, దానికి హాయిగా ఉందన్నమాట" అన్నాడు. ఏడుపు ఆగింది. గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్నవాళ్ల నడుము మనం నడిచినప్పటిలాగే కదులుతుందట, మేం వచ్చింది అందుకే. కానీ వాడు ధైర్యంగా ఎక్కింది మీ వల్లే అన్నా. ఇప్పుడు ముందు దువ్వందే ఎక్కనంటున్నాడు! మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.