తెలుగు రాతప్రతికి తెలుగు కొలతలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ సాహిత్య పేజీలో కథల పోటీలు, నవలల పోటీల ప్రకటనలు వస్తుంటాయి. నిబంధనల దగ్గర తరచూ ఒక వాక్యం ఉంటుంది: రాతప్రతి ఎ4 సైజులో, 12 పాయింట్ల అక్షరంతో, డబుల్ స్పేసింగ్‌లో పంపాలి అని. సిద్ధాంత గ్రంథం రాసే విద్యార్థులకు ఇచ్చే కాగితంలో ఇంకా వివరంగా ఉంటుంది. టైమ్స్ న్యూ రోమన్, 12 సైజు, వన్ అండ్ హాఫ్ స్పేసింగ్. ఫిజిక్స్ వాళ్లకూ అదే కాగితం, తెలుగు వాళ్లకూ అదే కాగితం.

టైమ్స్ న్యూ రోమన్‌లో తెలుగు అక్షరాలే లేవు. ఆ ఫాంటు ఎంచుకుని తెలుగు టైపు చేస్తే వర్డ్ మనకు చెప్పకుండా ఇంకో ఫాంటులో చూపిస్తుంది. అదే ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే మరో ఫాంటు రావచ్చు, పేజీలు అటూఇటూ జరగవచ్చు. నిబంధన రాసినవాళ్లు ఒక్కసారి తెలుగులో ఒక పేరా టైపు చేసి చూసినా ఈ సంగతి తెలిసేది.

నేను చెన్నై ట్రిప్లికేన్‌లో డీటీపీ పని చేస్తాను. మాది నెల్లూరు వైపు కుటుంబం, పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగులో థీసిస్ టైపు చేయించేవాళ్లు, సంఘాల సావనీర్లు వేయించేవాళ్లు, రిటైరయ్యాక ఆత్మకథ రాసుకున్న పెద్దలు మా దగ్గరికి వస్తారు. ఈ మధ్య చాలామంది సొంతంగానే ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నారు. ఇది మంచి మార్పు. కానీ ఆ ఫైళ్లు తెరిచి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలని ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. శీర్షిక మధ్యకు రావాలని స్పేస్‌బార్ నొక్కుతారు. తర్వాత దాన్ని బోల్డు చేసి, సైజు పెంచుతారు. విషయసూచిక చేత్తో టైపు చేసి, చుక్కలు పెట్టి, పేజీ నంబర్లు వేస్తారు. ఆ రోజుకు అంతా చక్కగానే కనిపిస్తుంది. గైడు రెండో అధ్యాయంలో ఒక పేరా చేర్చమంటారు. అంతే, ఆ తర్వాతి అధ్యాయాలన్నీ కిందికి జారతాయి. ఒక శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోతుంది, దాని కింద ఉండాల్సిన మొదటి పేరా పక్క పేజీకి వెళ్తుంది. విషయసూచికలో నంబర్లు ఒక్కటీ నిజం కాదు. "అక్కా, రేపే సబ్మిషన్, ఎలాగైనా సరిచేసి ఇవ్వండి" అని సాయంత్రంపూట కళ్లనీళ్లతో నిలబడిన అమ్మాయిని నేను చూశాను. చదువులో తెలివైన పిల్ల. శాసనాల మీద పరిశోధన చేసింది. ఆఖరి రాత్రి ఆమెకు అంత టెన్షన్ పెట్టింది శాసనాలు కాదు, ఎంటర్ బటన్.

చేయాల్సింది ఇంతే. శీర్షిక మీద కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్‌లో ఉన్న స్టైల్స్‌లోంచి హెడింగ్ 1 ఎంచుకోవాలి. కీబోర్డు మీదైతే కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కాలి. లోపలి ఉపశీర్షికలకు హెడింగ్ 2. ఈ స్టైళ్లలో కీప్ విత్ నెక్స్ట్ అనే ఏర్పాటు ముందే ఉంటుంది, కాబట్టి శీర్షిక తన పేరాను వదిలి పేజీ అడుగున ఉండిపోదు. హెడింగ్ 1ని ఒకసారి మాడిఫై చేసి, పేరాగ్రాఫ్‌లో పేజ్ బ్రేక్ బిఫోర్ అనే దానికి టిక్ పెడితే ప్రతి అధ్యాయం తనంత తానే కొత్త పేజీలో మొదలవుతుంది. ఎంటర్‌లు అక్కర్లేదు. రిఫరెన్సెస్ ట్యాబ్‌లోంచి విషయసూచిక పెట్టించుకుంటే, ఎన్ని కరెక్షన్లు వచ్చినా దాని మీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కితే చాలు, నంబర్లు సరిపోతాయి.

తెలుగువాళ్లు ఈ స్టైళ్లను మొదలుపెట్టి మధ్యలో వదిలేయడానికి ఒక కారణం ఉంది. దాన్ని ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల కింద, అంటే అక్షరాలు కలిసి రూపం మారే లిపుల కింద లెక్కేస్తుంది. ఫాంటు డబ్బాలో ఇంగ్లీషు లిపికి ఒక వరుస, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌లకు ఇంకో వరుస ఉంటాయి. హెడింగ్ సైజు మార్చేటప్పుడు పై వరుసలో 20 అని పెట్టి ఓకే కొడితే ఇంగ్లీషు మాటలు పెరుగుతాయి, తెలుగు మాటలు ఉన్నచోటే ఉంటాయి. "ఇది తెలుగుకు పనిచేయదు" అనుకుని మళ్లీ చేత్తో బోల్డు చేయడం మొదలుపెడతారు. కింది వరుసలో కూడా ఫాంటు, సైజు, బోల్డు పెట్టాలి. డబ్బు పెట్టకుండా దొరికే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లైతే ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ చేసి ఉందో లేదో ముందు చూసుకోవాలి. అది లేకపోతే తెలుగు ఫాంటు మార్చుకునే వరుసే కనిపించదు.

ఇక లైన్ల మధ్య ఎడం. నాకు అసలు బాధ ఇక్కడే.

తెలుగు అక్షరానికి పైన ఒక అంతస్తు, కింద ఒక అంతస్తు ఉంటాయి. "స్త్రీ" అన్న ఒక్క మాట చూడండి. పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. "రాష్ట్రం" మాటలో ట వత్తు, ర వత్తు రెండూ కిందికి దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎడం వీటికి చాలదు. మా చుట్టుపక్కల షాపుల్లో పిల్లలు ఎక్కువగా తమిళం టైపు చేస్తారు. తమిళంలో మనలాగా వత్తులు లేవు, పైన పుళ్ళి చుక్క పెట్టి సరిపెడతారు. వాళ్లు పేజీలు తగ్గించడానికి లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ అని పెట్టి ఒక నంబరు ఇస్తారు, తమిళానికి అది చక్కగా కుదురుతుంది. అదే నంబరు తెలుగు ఫైలుకు పెడితే గుడులు తెగిపోతాయి, లేదా పై లైను వత్తులు కింది లైను దీర్ఘాల మీద ఎక్కి కూర్చుంటాయి. చదివేవాళ్లు కళ్లు చికిలించుకుని చదవాలి. ఎగ్జాక్ట్‌లీ అంటే అక్షరం ఎంత ఎత్తున్నా సరే, ఇచ్చిన పాయింట్లకు మించి చోటివ్వవద్దని వర్డ్‌కు చెప్పడం. తెలుగుకు దాన్ని పెట్టనే కూడదు.

వన్ అండ్ హాఫ్ అన్నా, డబుల్ అన్నా ఇంకో చిక్కు. ఆ లెక్క ఫాంటు తయారుచేసినవాళ్లు దానికి పెట్టిన ఎత్తు మీద ఆధారపడుతుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుకు మొదటినుంచీ ఎడం ఎక్కువ. విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐకి తక్కువ. కాబట్టి ఇద్దరు రచయితలు అదే నిబంధన ప్రకారం అంతే నిడివి కథను పంపినా పేజీల లెక్క వేరువేరుగా వస్తుంది. పేజీల మీద పరిమితి పెట్టే పోటీల్లో ఇది అన్యాయం. మాటల లెక్క పెట్టండి, పేజీల లెక్క వద్దు. మరో సంగతి: తెలుగు పేరాలో ఒక ఇంగ్లీషు మాటో, సంస్కృత శ్లోకమో వేరే ఫాంటులో వస్తే ఆ ఒక్క లైను మాత్రం కిందికో పైకో జరిగి కనిపిస్తుంది. దీనికి లైన్ స్పేసింగ్‌లోనే ఉండే అట్ లీస్ట్, అంటే కనీసం ఇంత ఎడం అనే ఏర్పాటు మంచి మందు. నిర్మలా యూఐలో 14 పాయింట్ల అక్షరానికి మేము అట్ లీస్ట్ 24 పాయింట్లు పెడతాం. లైన్లన్నీ సమానంగా వస్తాయి. ఎక్కడైనా ఇంకా ఎత్తైన అక్షరం వస్తే వర్డ్ చోటు పెంచుతుంది తప్ప అక్షరాన్ని కోయదు. పేరాల మధ్య ఎడం కూడా ఎంటర్‌తో కాక పేరాగ్రాఫ్‌లో ఉండే స్పేస్ ఆఫ్టర్‌తో ఇవ్వాలి. 2013 వర్డ్‌లో కొత్త ఫైలు తెరిస్తే 1.08 లైన్ ఎడం, పేరా తర్వాత 8 పాయింట్లు వాటంతటవే ఉంటాయి. తెలుగు ఫైలు మొదలుపెట్టగానే వీటిని మార్చుకోవాలి.

మా నాన్నగారు ఈ ఊళ్లోనే అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. లైన్ల మధ్య పెట్టే సీసపు పట్టీలను వేళ్లతో తడిమి మందం చెప్పేవారు. వావిళ్లవారు 1854లో ముద్రణ మొదలుపెట్టిన ఊరు ఇది. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా వచ్చింది ఇక్కడినుంచే. 1947 జూలైలో చందమామ మొదలైంది ఇక్కడే. తెలుగు వత్తుకు ఎంత చోటు కావాలో తెలిసిన చేతులు ఇక్కడ బోలెడు ఉండేవి. సీసం పోయి కంప్యూటర్ వచ్చింది, మంచిదే. ఆ కొలత మాత్రం కంప్యూటర్‌లోకి తేవడం మనం మరిచిపోయాం. వర్డ్‌లో ఆ వీలు లేక కాదు, ఎవరూ పెట్టుకోక.

శీర్షికలను సరిగ్గా గుర్తు పెట్టడం అందం కోసమే అనుకుంటే పొరపాటు. చూపులేని విద్యార్థులు తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లు వింటారు. హెడింగ్ స్టైల్ ఉంటే అందులోని బ్రౌజ్ మోడ్ అనే ఏర్పాటులో హెచ్ నొక్కుతూ ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి వెళ్తారు. బోల్డు చేసి సైజు పెంచిన శీర్షిక ఆ సాఫ్ట్‌వేర్‌కు మామూలు పేరాయే. మూడో అధ్యాయం కావాలంటే మొదటినుంచీ వెతుక్కుంటూ రావాలి. మా దగ్గరికి వచ్చే ఒక కుర్రవాడు బీఏ తెలుగు నోట్సు ఇలాగే వింటాడు. అతని కోసం ఒక నోట్సుకు హెడింగులు పెట్టి ఇచ్చినప్పుడు అతని ముఖం చూశాక నాకు ఈ విషయంలో పట్టుదల వచ్చింది. పీడీఎఫ్ చేసేటప్పుడు కూడా ఈ హెడింగులనే బుక్‌మార్కులుగా మార్చుకోవచ్చు. పుస్తకం వేసేవాళ్లు ఫైలును పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే స్టైళ్లు వెంటే వస్తాయి, మళ్లీ ప్రతి శీర్షికా వెతికి దిద్దే పని తప్పుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. తెలుగు శాఖలు, పోటీలు పెట్టే సంస్థలు, మీ పత్రిక సాహిత్య పేజీ కూడా, నిబంధనలు వాక్యాల్లో రాయడంతో ఆపకుండా తయారుగా ఉన్న ఒక వర్డ్ ఫైలు ఇవ్వండి. అందులో యూనికోడ్ తెలుగు ఫాంటు, హెడింగ్ 1, హెడింగ్ 2, పేరా ఎడం, లైన్ ఎడం అన్నీ ముందే పెట్టి ఉంచండి. రాసేవాళ్లు అందులో తమ మాటలు నింపి పంపుతారు. ఫాంటు కూడా ఉచితంగా దొరికేదే ఎంచుకోండి. మండలి, సురన్న, రామరాజ లాంటివి, నోటో తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఒక్కోదాని ఎత్తు ఒక్కో రకం కాబట్టి ఎంచుకున్న ఫాంటుకు తగ్గట్టు అట్ లీస్ట్ నంబరు వేరుగా చూసి పెట్టాలి. ఫైలు బయటికి పంపేముందు అందులో "స్త్రీ", "రాష్ట్రం", "కర్తృత్వం", "జ్యోత్స్న" అనే మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా ఒక పేరా టైపు చేసి, కాగితం మీద ప్రింటు తీసి, ఏ వత్తూ ఏ గుడినీ తాకకుండా ఉందో లేదో చూడండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
ట్రిప్లికేన్, చెన్నై